నాలుక మీద లెన్సు

మా తోడికోడలి చేతిపనికి ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. ఆమె శుభ్రానికి మాత్రం దూరం నుంచే పెట్టాలి.

వరసకు నాకు అక్క. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే షాపులో పని చేస్తాం. ఉన్ని కోట్లకు, శాలువలకు చిరుగు పడిన చోట పోగు పోగుగా నేత కలిపి, జాడ కనపడకుండా చేయడం మా పని. రఫూ అంటారు. షాపులో నలుగురం. కిటికీ పక్క బల్ల అక్కది. పగటి వెలుగు నేరుగా పడేది ఆ ఒక్క బల్ల మీదే కాబట్టి ఖరీదైన బట్టలన్నీ అక్కడికే వెళ్తాయి. అప్పటికి పదకొండేళ్ళుగా దాని మీద ఇంకొకరి మోచెయ్యి ఆనలేదు. సిగరెట్టు కాల్చిన కంతను పూడ్చి ఇస్తే, షాపు యజమాని వేలితో తడిమి చూసి "ఎక్కడమ్మా కంత?" అని అడగాలి. అప్పుడుగాని అక్కకు అన్నం దిగదు.

అలాంటి మనిషికి మైనస్ ఎనిమిది పవరు. ఆ సంగతి యజమానికి తెలియదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆ బల్ల తనకు దక్కదని అక్క భయం. అందుకే లెన్సులు.

చలి మొదలయ్యే ముందు జనం పెట్టెల్లోంచి ఉన్ని కోట్లు బయటికి తీస్తారు. ఏడాది దుమ్ము, పురుగులు కొట్టిన పొట్టు, ఎవరింటి పిల్లి బొచ్చో, అన్నీ మా బల్లల మీదికే వస్తాయి. దాంతో అక్క కళ్ళకు తిప్పలు మొదలు. దురద, ఎరుపు, మూలల్లో తీగలా సాగే తెల్లటి పుసి. ఆ పుసిని వేలితో లాగి, వేలిని ఒళ్ళో ఉన్న కోటుకే తుడిచి, మళ్ళీ అదే వేలితో కన్ను నులుముకునేది. అది చూశాక నాకు టిఫిన్ డబ్బా మూత తీయబుద్ధయ్యేది కాదు.

కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఆమె చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"ఎలర్జీ తగ్గేదాకా లెన్సులు తీసేసి కళ్ళద్దాలు పెట్టుకోండి. ఈ చుక్కలు లెన్సు ఉండగా వేసుకోకండి. నులమొద్దు, దురదేస్తే చల్లటి తడిగుడ్డ వేసుకోండి. తగ్గాక ఏ రోజు లెన్సు ఆ రోజు పారేసే రకం వాడండి."

అక్క బుద్ధిమంతురాలిలా తలూపింది. మెట్లు దిగుతూనే, "ఆవిడకేం, ఎన్నైనా చెప్తుంది. కళ్ళద్దాలతో వెళ్తే నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోనిస్తారా?" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

మూడు నెలలు వాడాల్సిన లెన్సులు తొమ్మిది నెలలు నడిచాయి. ఒకరోజు స్నానాలగదిలో ఆమె లెన్సుల డబ్బీ మూత ఊడి పడి ఉంటే పెట్టబోయాను. లోపలంతా జిగట. పాకుడు పట్టిన తొట్టిలా వేలు జర్రున జారింది. పాత మందునీళ్ళు పారబోయకుండా, వాటి మీదే నాలుగు చుక్కలు కొత్తవి పోసి సరిపెడుతోంది. ఆ వేలిని మూడుసార్లు సబ్బుతో కడిగినా నాకు కంపరం పోలేదు.

"ఛీ, ఇదేంటక్కా? ఇది కంట్లో పెట్టుకునేదేనా?"

"నా కన్ను, నా డబ్బీ. మధ్యలో నీకెందుకే నొప్పి?"

ఇదే నయమనిపించే రోజు కూడా వచ్చింది. ఆ మధ్యాహ్నం దురద ఆగక, బల్ల దగ్గరే కుడికంటి లెన్సు తీసింది. అది జారి ఉన్ని నూగులో పడింది. గోటితో ఏరి, నాలుక చివర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కంట్లో వేసుకుంది. పొద్దుటి నుంచి వందసార్లు పాత కోట్ల దారం తడిపిన నాలుక అది. మా పనిలో అదొక పాడలవాటు. పోగు కొస విచ్చుకుంటే నోట్లో పెట్టి సవరిస్తాం. ఏళ్ళ తరబడి అలా చేసి చేసి, చేతికి ఏ చిన్నది దొరికినా ముందు నోటికే పోతుంది.

"బావగారికి చెప్తాను," అన్నాను.

"చెప్పు. నా బల్ల చూసి ఎప్పటినుంచో కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావుగా."

ఆ మాటలో అబద్ధం లేదు మరి. ఆ వెలుగు నాకూ కావాలి. ఇంకేం చెప్పినా ఓర్వలేనితనం అంటుందని ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే రోత.

నాలుగో రోజు పొద్దున ఆమె కుడికన్ను తెరుచుకోలేదు. రెప్పలు అతుక్కుపోయి, సందులోంచి పచ్చటి చీము కారుతోంది. తడిగుడ్డతో తుడిచి చూస్తే నల్లగుడ్డు మీద నూకంత తెల్లమచ్చ. అప్పుడు భయపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిచింది.

డాక్టరమ్మ దీపం వేసి చూసి పెదవి విరిచింది. "ఇది ఎలర్జీ కాదు, పుండు. చూపు దక్కాలంటే ఎందువల్ల వచ్చిందో నాకు తెలియాలి. లెన్సుకు కుళాయి నీళ్ళు గాని, ఉమ్ము గాని తగిలాయా?"

"లేదండీ. మందునీళ్ళతోనే కడుగుతాను," అంది అక్క. తెరుచుకున్న ఒక్క కంటితో నన్ను హెచ్చరిస్తున్నట్టు చూసింది. ఆస్పత్రి కాగితం యజమాని చేతిలో పడితే తన బల్ల పోతుందని ఆమె బెంగ. కన్నే పోయేలా ఉంటే బల్ల బెంగ.

డాక్టరమ్మ మందు రాయడం మొదలుపెట్టింది.

"అబద్ధం చెప్తోంది," అన్నాను. "నాలుక మీద పెట్టుకుని కంట్లో వేసుకుంటుంది. డబ్బీ కడగదు. చుక్కలు కూడా లెన్సు మీదే వేసుకుంటుంది."

డాక్టరమ్మ కలం ఆపి, రాసిన కాగితం చింపేసింది. పుండు నుంచి నమూనా తీయించి, వేరే మందు రాసింది.

నిజమాడితే నిష్ఠూరం. అక్క నాతో మాట మానేసింది. అయినా గంటగంటకూ రెప్ప విప్పి చుక్కలు వేసింది నేనే, చీము తుడిచింది నేనే. ప్రేమతో చేశానని చెప్పను. ప్రతిసారీ వాంతి వచ్చేది. నెలన్నరకు పుండు మానింది. కన్ను దక్కింది గాని మచ్చ పోలేదు, చూపు మసకే.

ఈలోపు యజమాని కిటికీ బల్ల నాకిచ్చాడు. నేను వద్దనలేదు. అక్క సోడాబుడ్డి కళ్ళద్దాలతో తిరిగొచ్చి, మూలన ట్యూబులైటు కింద నా పాత బల్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు ఆమెకు గుండీలు, అంచుకుట్లు ఇస్తున్నారు. బల్ల కోసమే డాక్టరు ముందు నోరు విప్పానని మిగతా ఇద్దరూ గుసగుసలాడుకున్నారు.

నిన్న నాకొక కోటు వచ్చింది. భుజం మీద కాలిన కంత. రెండు గంటలు కూర్చున్నా నేత కలవలేదు. వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. అక్క. కళ్ళద్దాలు కోటుకు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"మూడో పోగు కింద నుంచి తియ్యి," అంది. ఇన్నాళ్ళకు అదే మొదటి మాట.

నేను కొత్త దారం తెంపి, కొస నోట్లో పెట్టుకున్నాను.

"ఛీ, నోట్లోంచి తియ్యి."

తన బల్ల మీద ఉన్న నీళ్ళ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. దాని పక్కన ఉతికిన తెల్లగుడ్డ పరిచింది. తర్వాత కిటికీ వైపు తల తిప్పి, "వెలుగు బాగా పడుతోందా?" అని అడిగింది.

"పడుతోందక్కా," అన్నాను.

దారం సూదిలోకి ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది.