బెల్లం తాగిన స్లాబు

1949 ఎండాకాలం. సూర్యాపేటలో హైదరాబాదు–బెజవాడ రోడ్డు పక్కన బుచ్చమ్మ నడిపే హోటల్ ఒకటి ఉండేది. హోటల్ అంటే నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు, వెనక ఆమె ఉండే గది. లారీల వాళ్లూ బస్సు దిగినవాళ్లూ అక్కడే తినేవారు. అంతకు ముందటి ఏడు, గొడవల రోజుల్లో, ఆ హోటల్ కప్పు తగలబడింది. ఎవరు తగలబెట్టారో బుచ్చమ్మ నాతో ఎన్నడూ చెప్పలేదు. నేను అడిగిన ఒక్కసారి కూడా "పోయింది పోయింది సాబ్. ఈసారి కాలని కప్పు ఎయ్యి" అన్నది, అంతే.

నేను అప్పటికి సర్కారు ఓవర్సీరు ఉద్యోగం మానేసి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో సొంతంగా కట్టడం పనులు చేయిస్తున్నాను. కాలని కప్పు అంటే ఆర్.సి.సి. స్లాబు. కంకర, ఇసుక, సిమెంటు నీళ్లతో కలిపి, మధ్యలో ఇనుప సలాకలు పెట్టి, ఒకే పలకగా పోసే కప్పు. ఈనాడు ఇది వింత కాదు. ఆనాడు మా వైపు పెంకుటిళ్లు, మట్టి మిద్దెలు, ఉన్నవాళ్లకు గానుగలో నూరిన డంగు సున్నంతో వేసిన గచ్చు మిద్దెలు తప్ప మరొకటి తెలియదు. పైగా సిమెంటు పర్మిట్ మీద దొరికేది. బుచ్చమ్మ తహసీలు కచేరీ చుట్టూ ఆరు నెలలు తిరిగి ఇరవై బస్తాలకు పర్మిట్ తెచ్చుకుంది. కాగితం ఇచ్చిన గుమాస్తా ముందే చెప్పేశాడట, మళ్లీ రావద్దని. అంటే మాకు ఉన్నది ఒక్క అవకాశం. అది చెడితే ఆమె వానాకాలమంతా తడిక కింద ఉండాలి, హోటల్ మూతపడాలి.

ఇంత కష్టపడి సిమెంటు తెచ్చుకున్న మనిషి, దాన్ని పోసే వేళ దగ్గరికి వచ్చేసరికి పురోహితుడి దగ్గరికి వెళ్లింది. ఆయన మధ్యాహ్నం రెండు గంటలకు ముహూర్తం పెట్టాడు. రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు! కలిపిన కాంక్రీటు తట్టలో ఉండగానే ఎండిపోయే వేళ. సిమెంటు గట్టిపడటానికి నీళ్లు కావాలి, ఎండ ఆ నీళ్లను లాగేస్తుంది. ఈ మాట ఆమెకు, ఆయనకు, హోటల్ కి వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకు మూడు రోజులు చెప్పాను.

"నీళ్లు తగ్గితే ఇంకిన్ని పోస్తే సరి, నీళ్లకేం కరువు?" అన్నాడు ఒక డ్రైవరు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నీళ్లు ఎక్కువైనా స్లాబు చెడుతుందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. చివరకు పురోహితుడే విసిగి, తెల్లవారుజామున కూడా ఒక ముహూర్తం ఉందన్నాడు. అంతవరకు లేని ముహూర్తం ఎక్కడి నుంచి వచ్చిందని అడగబోయాను. "పోనీ సాబ్, నీ మాటే గెలిచింది గద, ఇగ ఊకో" అని బుచ్చమ్మ నన్ను ఆపింది. ఆ తర్వాత మూలకు కోడిని కోయాలన్నారు. కుదరదన్నాను. నిమ్మకాయలైనా కాంక్రీటులో వేయాలన్నారు. అసలే కుదరదన్నాను. స్లాబు పోసే రోజున ఎవరు ఎక్కడ నిమ్మకాయ దోపుతారోనని సలాకల మీద నిలబడి కావలి కాశాను.

ఆ కాపలాలో నేను చూడవలసిన చోటు మాత్రం చూడలేదు.

కలపడం చూసుకునే మేస్త్రి ఎల్లయ్యది మిర్యాలగూడ దగ్గరి పల్లె. అరవై దాటిన మనిషి. గచ్చు పనిలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. ఆయన తండ్రి కట్టిన బావి గచ్చు ఇంకా అద్దంలా ఉంటుందని అందరూ చెప్పేవారు. సిమెంటు పని ఆయనకు అదే మొదలు. చేతి నైపుణ్యం ఉన్నవాడు ఏదైనా చేస్తాడని తీసుకున్నాను. ఒక భాగం సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర, ఇన్ని డబ్బాల నీళ్లు అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. పురోహితుడితో వాదించడానికి మూడు రోజులు దొరికిన నాకు, ఎల్లయ్యకు వివరించడానికి అరగంట దొరకలేదు.

తెల్లవారుజామున మొదలుపెట్టాం. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. సెంట్రింగు అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే చెక్కలు, గుంజలు. వాటి మీద సలాకలు అల్లి, తూర్పు నుంచి పడమరకు పోసుకుంటూ వచ్చాం. నీళ్ల డ్రమ్ములు రెండు. మొదటిది సగం పనికి అయిపోయింది, తర్వాత రెండోది వాడారు. రెండో సగంలో కాంక్రీటు వెన్నలా జారుతూ సలాకల కిందికి చక్కగా దిగింది.

"భలే కలిపావు మేస్త్రీ, చెయ్యి తిరిగింది!" అన్నాను.

ఎల్లయ్య మీసం కింద నవ్వుకున్నాడు. నా జీవితంలో ఇంత తెలివితక్కువ మెచ్చుకోలు ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున క్యూరింగుకు, అంటే స్లాబు మీద నీళ్లు నిలబెట్టి తడి ఆరకుండా ఉంచే పనికి, నిచ్చెన ఎక్కాను. తూర్పు సగం మీద మడమతో కొడితే ఖణేల్ మంది. పడమటి సగం మీద అడుగు పెడితే బొటనవేలు దిగబడింది. నిన్న పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, పచ్చిగా.

మొదట సిమెంటు బస్తాలను అనుమానించాను. తడిసి గడ్డకట్టినవేమో అనుకుంటే, మిగిలిన నాలుగు బస్తాలూ పొడిగా ఉన్నాయి. తర్వాత కూలీల మీద అరిచాను. పాపం, వాళ్లు కొలత తప్పలేదు. దిగి వచ్చి రెండో డ్రమ్ము వంచి చూశాను. అడుగున చీమలు బారులు తీరి ఉన్నాయి. వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి. ఆ వెనకే వగరు.

"మేస్త్రీ! ఈ డ్రమ్ములో ఏం పోశావు?"

"బెల్లం సాబ్. కరక్కాయ గూడ నలగ్గొట్టి ఏసిన, సున్నంల ఏసినట్టే," అన్నాడు ఎల్లయ్య ఏమాత్రం తొణక్కుండా. "మా ఇంట్లకెల్లే తెచ్చిన. ఒక్క డ్రమ్ముకే సరిపోయింది, లేకుంటె రెండిట్ల పోసెటోన్ని."

"ఎవరు పోయమన్నారు నిన్ను?"

"ఒకలు చెప్పాల్నా? గా సిమెంటు ఉత్త దుమ్ము లెక్క ఉన్నది. దానికి జిగట ఏడికెల్లి వస్తది? ఆడమనిషి, మొగదిక్కు లేదు, జర గట్టిగుండాలని నేనే పోసిన."

ఇంతకు ముందు రోడ్డు పనిలో ఒక పెద్ద ఇంజనీరు చక్కెర బస్తాలు మోసిన లారీలో సిమెంటు ఎక్కించనిచ్చేవాడు కాదు. చక్కెర కలిస్తే సిమెంటు గట్టిపడదని చెప్పేవాడు. సున్నం గాలిని పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడే సరుకు, దానికి బెల్లం మేలు చేస్తుంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడుతుంది, ఆ పనికి తీపి అడ్డం పడుతుంది. ఇది ఎల్లయ్యకు తెలియకపోవడంలో వింత లేదు. నాకు తెలిసి నేను చెప్పకపోవడమే వింత.

ఈలోగా జనం చేరారు. పురోహితుడూ వచ్చాడు. "నేను పెట్టిన వేళ కాదన్నారు, ఏమైందో చూడండి," అన్నాడు.

"రెండు సగాలూ ఒకే పొద్దున పోసినవే కదా. తూర్పు సగానికి ముహూర్తం కుదిరి పడమటి సగానికి కుదరలేదా?"

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దిక్కును బట్టి ఫలం మారుతుంది," అన్నాడు. జనం తలలూపారు. వాళ్లకు చీమలను చూపించాను, డ్రమ్ము చూపించాను. దిక్కు మాటే వాళ్లకు నచ్చింది.

బుచ్చమ్మ ఇద్దరినీ తోసుకుని ముందుకు వచ్చింది. "మీ పంచాయితీ మల్ల పెట్టుకోండ్రి. సాబ్, గిది గట్టిపడ్తదా, పడదా? ఒక్క ముక్కల చెప్పు."

వాదంలో ఓడిపోయినప్పుడు కూడా నేను అనని మాట ఆ రోజు అనవలసి వచ్చింది. "నాకు తెలియదు బుచ్చమ్మా. బెల్లం కొద్దిగా పడితే ఆలస్యంగానైనా గట్టిపడవచ్చు. ఎక్కువ పడితే ఎప్పటికీ పడదు. ఎంత పడిందో మేస్త్రికే సరిగా తెలియదు."

"ఇప్పుడే తీసేసి మల్ల పోస్తె?"

"ఎనిమిది బస్తాలు కావాలి. నాలుగే ఉన్నాయి."

"ఐతే ఆగుదాం," అన్నది బుచ్చమ్మ. "అందరు తెలుసుననేటోల్లే. నువ్వు గూడ తెలుసునని చెప్తె నేను ఎవల్ని నమ్మాలె?"

ఆ సగం మీద తడి గోనెలు కప్పించాను, ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఎల్లయ్యను కూర్చోబెట్టి మూడు ముంతలు తెప్పించాను. మిగిలిన సిమెంటులోంచి కొంచెం తీసి, ఒకదానిలో ఉత్త నీళ్లతో, రెండోదానిలో చిటికెడు బెల్లంతో, మూడోదానిలో గుప్పెడు బెల్లంతో ఆయన చేతనే కలిపించాను. ఎల్లయ్య అలిగి ఉన్నాడు. "నలబై ఏండ్ల చెయ్యి సాబ్ నాది. ముంతలతోని ఆడుకోమంటవా?" అన్నాడు. అయినా కలిపాడు.

రెండో రోజు ఆయనే ఉత్త నీళ్ల ముంత పగలగొట్టాడు. లోపలి సిమెంటు ముంత ఆకారంలో రాయిలా బయటికి వచ్చింది. గుప్పెడు బెల్లం ముంతలో వేలు పెడితే బురద. ఎల్లయ్య ఆ వేలిని తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"సున్నానికి నలబై ఏండ్ల సంది బెల్లం తాపిన సాబ్. అది తాగి గట్టిపడ్డది," అన్నాడు. "గిది తాగి నిద్రపోయింది."

చిటికెడు బెల్లం ముంత నాలుగో రోజుకు గోరు దిగనివ్వలేదు. పైన స్లాబు అంత తొందరగా రాలేదు. రోజూ పొద్దున ఎల్లయ్యా నేనూ నిచ్చెన ఎక్కి గోరుతో గీసి చూసేవాళ్లం. ఆరో రోజున గీత మాత్రమే పడింది. తొమ్మిదో రోజున మడమ కింద పలికింది, తూర్పు సగంలా ఖణేల్ మని కాదు గానీ పలికింది. ఇంతలో మృగశిర వానలు మొదలయ్యాయి. బుచ్చమ్మ పక్కన తాటాకు పందిరి కింద ఒక పొయ్యి పెట్టుకుని నడిపింది. కప్పు కిందంతా గుంజలే కాబట్టి లోపల హోటల్ తెరవడానికి లేదు. తీసేయమని చెప్పని వాడు లేడు. నేను నలభై రోజులు తీయనివ్వలేదు.

తీసే రోజున ఇసుక బస్తాలు తెప్పించాను. గుంజలు తీసేసి, గోడ నుంచి గోడకు దారం కట్టి, స్లాబు మీద బస్తాలు పేర్చి, మధ్యలో ఎంత వంగుతుందో కొలవడం నా ఉద్దేశం. ఆఖరి గుంజ తీయబోతుంటే ఎల్లయ్య వెళ్లి పడమటి సగం కింద నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే మేస్త్రీ."

"తప్పు నాది. నేనే కూసుంట."

"నువ్వు కింద కూర్చున్నావని స్లాబుకు తెలుస్తుందా? పడితే నీ ప్రాణం పోతుంది. పడకపోతే నువ్వు లేకపోయినా పడేది కాదు. దీనివల్ల రుజువయ్యేదేమిటి?"

"గట్ల గాదు సాబ్..."

బుచ్చమ్మ ఆయన భుజం మీది తువ్వాలు పట్టుకుని లాగింది. "ఏ, లే తాతా! నా ఇంట్ల సావకు. రేపు హోటల్ తెరవాలె!"

ఎల్లయ్య లేచాడు. లేచి, అందరికంటే ఎక్కువ బస్తాలు ఆయనే మోశాడు. సాయంత్రానికి తూర్పు సగం ఎంత వంగిందో పడమటి సగమూ అంతే వంగింది, వడ్లగింజ మందం. మర్నాడు బస్తాలు దించితే రెండూ యథాస్థితికి వచ్చాయి. బుచ్చమ్మ దారం దగ్గర తల పెట్టి తన కళ్లతో చూసుకున్నాక పొయ్యి లోపలికి జరిపింది. పడమటి సగం కిందనే పెట్టింది, గాలి అటు నుంచి బాగా వస్తుందట.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ లారీల వాళ్లు ఆ కథను తమకు తోచినట్టు రోడ్డు పొడుగునా మోసుకుపోయారు. మూడు నెలల తర్వాత కోదాడలో ఒక బట్టల కొట్టు యజమాని స్లాబు పనికి పిలిచాడు. సరుకంతా సిద్ధం చేసి ఉంచాడు. సిమెంటు బస్తాల పక్కన ఒక తట్ట నిండా బెల్లం.

"ఇదేమిటండీ?"

"సూర్యాపేటలో బుచ్చమ్మ స్లాబుకు బెల్లం పోశారటగా. ఏనుగు ఎక్కినా కదలడం లేదట. మాకూ పోయించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. సున్నం నుంచి మొదలుపెట్టి చెప్పడానికి నోరు తెరిచాను. ఎల్లయ్య నన్ను చేత్తో ఆపి, తన పనిముట్ల సంచిలోంచి రెండు ముద్దలు తీశాడు. ఒకటి ఉత్త నీళ్ల ముంతది, రెండోది గుప్పెడు బెల్లం ముంతలోని బురద ఎండి గడ్డకట్టినది. ఇన్నాళ్లూ సంచిలో వాటిని మోసుకు తిరుగుతున్నాడని నాకు తెలియదు.

"గా స్లాబుకు బెల్లం పోసింది నేనే సేటూ," అన్నాడు. "గిది బెల్లం లేనిది, గిది ఉన్నది. చేతుల పట్టి పిసికి సూడు."

యజమాని పిసికాడు. ఒకటి అరచేతికి గుచ్చుకుంది. రెండోది పొడి అయి ఆయన తెల్లని లాల్చీ మీద రాలింది.

"మరి బుచ్చమ్మ స్లాబు ఎట్లా నిలబడింది?"

"బెల్లం తక్కువ పడ్డది గనుక. గా అమ్మ నలబై దినాలు ఓపిక పట్టింది గనుక."

యజమాని లాల్చీ దులుపుకుని, బెల్లం తట్ట ఇంట్లోకి పంపించాడు. నేను మూడు రోజుల వాదంతో పురోహితుడి చేత వేళ మార్పించగలిగాను గానీ, ఒక్క మనిషి చేతైనా సిమెంటు గురించి ఒక్క ముక్క నమ్మించలేకపోయాను. ఆ తర్వాత పని చేసినన్నాళ్లూ, ఏ ఊళ్లోనైనా స్లాబుకు ముందు రోజు మేస్త్రీలనూ కూలీలనూ ఇంటివాళ్లనూ కూర్చోబెట్టి, ఎల్లయ్య చేత ముంతలు కలిపించాను. ముహూర్తం గురించి మాత్రం మళ్లీ ఎవరితోనూ వాదించలేదు. ఎండ ఎప్పుడు తగ్గుతుందో చెప్పి, ఆ వేళకు రమ్మనేవాణ్ణి.