ఎవరి ఏడు గొప్పది

మా అన్న హైదరాబాద్ల ఒక గోల్ఫ్ మైదానంల ఇరవై ఏండ్లు గడ్డి కోసిండు. తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు ఆయన కిడ్నీలు పాడైనయి. పని విడిచి దేవరకొండల మా ఇంటికి వచ్చిండు. వారానికి మూడుసార్లు నల్లగొండ దవాఖానకు, డయాలసిస్‌కు నేనే తోల్కపోయేదాన్ని.

అన్న ఎన్నడూ గోల్ఫ్ కట్టె పట్టి ఆడలే. కానీ చూసి చూసి ఆట మొత్తం తెలుసుకున్నడు. దవాఖానల పక్క మంచం మీద నందికొండ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేటోడు. కాలువల శాఖల ఇంజనీరు చేసి రిటైరైండు, అందుకే ఆయనను సార్ అనేటోళ్లం. షుగర్‌కు ఒక కాలు తీసేసిండ్రు. గోల్ఫ్ గురించి చానా చదివిన మనిషి. నాలుగు గంటలు మిషిన్ల రక్తం తిరుగుతాంటే ఇద్దరికీ ఒక్కటే పంచాయితి: ఒక్క ఏడాదిల గెలిచింది లెక్కవెడితే, ఆడినోళ్లందరిల ఎవరి ఏడు గొప్పది?

"వరుసగా పదకొండు పోటీలు గెలిచినోడున్నడు తమ్మీ" అనేటోడు సార్.

"అది యుద్ధం నడిచిన ఏడు సార్. మంచోళ్లు చానామంది ఫౌజుల ఉన్నరని మీరే చెప్తిరి."

"సరే, రెండువేల సంవత్సరం తీస్కో. ఒక పెద్ద పోటీల రెండోవానికంటె పదిహేను దెబ్బలు తక్కువల ముగించి గెలిచిండొకడు. గసొంటిది మళ్ల చూస్తమా?"

"చూడం సార్. కానీ నేనైతే బస్సు గుద్ది బొక్కలిరిగినాయనదే అంట. నడుసుడే కష్టమన్నరు. కాళ్లకు పట్టీలు చుట్టుకొని ఆడి, ఒక్క ఏడుల మూడు పెద్ద పోటీలు గెలిచిండు."

"మొత్తం ఆరు పోటీలే ఆడిండు తమ్మీ. ఆరింటితోని ఏడు గొప్పదైతదా?"

"ఆ కాళ్లతోని ఆరే ఆడొస్తది సార్. అండ్ల ఐదు గెలిచిండు గద!"

రెండేండ్లు గిట్లనే నడిచింది. ఒక ఎండకాలం, మిషిన్‌కు సూది వెట్టే అన్న చేతి నరం మూసుకపోయింది. మెడకు గొట్టం వెట్టిండ్రు, జరం వట్టింది. ఇంటికొచ్చినంక "చాలు చెల్లే, ఇగ నేను దవాఖానకు రాను" అన్నడు. ఏడ్చిన, కాళ్లు పట్టుకున్న. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. తెల్లారి దవాఖానల అన్న మంచం ఖాళీగ చూసి సార్ నాకు ఫోన్ చేసిండు. నేను ఫోన్ అన్న చెవి కాడ వెట్టిన.

"తమ్మీ, పంచాయితి తెగక ముందే లేచిపోతే ఓడినట్టే లెక్క" అన్నడు సార్. అన్న ఇటు తిరిగి లేచి కూసున్నడు. దవాఖానకు పోతందుకు అంగి అడిగిండు.

ఆ వానకాలంల సార్ పోయిండు. దినానికి అన్నను నందికొండకు తోల్కపోయిన. దారి పొడుగూత కిటికీ దిక్కే చూసిండు. వాళ్లింట్ల సార్ భార్య ముందు చేతులు కట్టుకొని నిలవడ్డడు.

"అమ్మా, సార్‌తోని రెండేండ్లు కొట్లాడిన. తప్పుగ అనుకోకుండ్రి."

ఆమె అన్నను కుర్సీల కూసోవెట్టింది. "ఆయన ఇంటికొచ్చినంక నీ మాటే నిజమనేటోళ్లు నాయినా. ఒప్పుకుంటే నువ్వు మాట్లాడుడు బంద్ చేస్తవని నీకు చెప్పొద్దన్నరు" అన్నది.

నా ఎరుకల మా అన్న ఏడ్సుడు అదే మొదలు.

ఆ తర్వాత ఇంకో ఏడాది బతికిండు. రానని మళ్ల ఒక్కసారి గూడ అనలే.