గడ్డకట్టకుండా కలిపిన మందు

షార్జాలో గడ్డకట్టేది ఏదైనా ఉందంటే అది బకాలా కొట్టు ఫ్రీజర్లో కోడి ఒక్కటే. జనవరిలో కూడా రోలాలోని మా గదిలో ఫ్యాను ఆపేవాళ్లం కాదు. అయినా చలికాలం పేరు చెప్పి మావాళ్లు మంకీ క్యాపులు తగిలించుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, చాయ్ కొట్టు ముందు చేతులు రుద్దుకుంటూ నిలబడేవాళ్లు. చూస్తే నాకు ఒళ్లు మండేది. అలాంటి ఊళ్లో, కారు అద్దం కడుక్కునే నీళ్లు చలికి గడ్డకట్టకుండా కాపాడాలని బయల్దేరిన మహానుభావుడు మా ముదీర్.

ముదీర్ అంటే మేనేజరు. ఇండస్ట్రియల్ ఏరియాలో కారు సామాన్ల షాపు మాది. వైపర్లు, సీటు కవర్లు, అద్దాలకు అంటించే నల్ల కాగితాలు అమ్మేవాళ్లం. నేను కౌంటర్లో సేల్స్‌మన్‌ని. షాపు అసలు యజమాని అరబ్బు ఎప్పుడో గాని కనిపించడు, కాబట్టి పెత్తనమంతా ముదీర్‌దే. ఆయన మా నెల్లూరు వాడే కావడం నా ఖర్మ. ఒకే ఒక్క చలికాలం కెనడాలో బావమరిది ఇంట్లో ఉద్యోగం కోసం కూర్చుని, అది దొరక్క తిరిగొచ్చాడు. ఆ ఒక్క చలికాలాన్ని మా నెత్తిన రుద్దని రోజు లేదు. చాయ్ చల్లారినా కెనడా, లిఫ్టు ఆగినా కెనడా.

2004 చివర్లో రస్ అల్ ఖైమా కొండ మీద మంచు పడిందని పేపర్లో ఫొటో వచ్చింది. ముదీర్ ఆ ఫొటో కత్తిరించి కౌంటర్ అద్దానికి అతికించాడు.

"చూశా? ఇంక ఇక్కడా మొదలైంది. వాషర్ ట్యాంకులో నీళ్లు గడ్డకట్టినయ్యంటే పైపు పగుల్తుంది, మోటారు కాలిపోద్ది. జనానికి తెల్దు. మనం చెప్పాల."

"సార్, అది కొండ. పైకి కార్లు పొయ్యే రోడ్డు కూడా లేదంట. ఇంక ఎవరి ట్యాంకు గడ్డకడతది?"

"నువ్వు కెనడా చూశావా?"

"లేదు సార్."

"మరి నోరు మూసుకో."

మూసుకున్నాను. రెండు నెలలకు అట్టపెట్టెలు దిగాయి. నీలం రంగు నీళ్ల సీసాలు, మైనస్ నలభై డిగ్రీల చలికైనా గడ్డకట్టవని రాసుంది. మైనస్ నలభై! మాకు పదికి దిగితేనే పేపర్లో వార్త. సీసా వెనక ఇంగ్లీషులో, ఫ్రెంచిలో సన్నటి అక్షరాలు, వాటి పక్కన పుర్రె బొమ్మ. పుర్రె చూస్తే కస్టమర్లు జడుసుకుంటారని ముదీర్ దాని మీద అరబ్బీ స్టిక్కర్లు అంటించమన్నాడు. స్టిక్కర్ మీద ఒక ఒంటె, దాని నెత్తిన మంచు. ఆ బొమ్మ కూడా ఆయన ఆలోచనే. రెండు రోజులు కూర్చుని ఒంటెల్ని పుర్రెల మీద అంటించాం, నేనూ, స్టోర్‌లో పెట్టెలు మోసే డ్రైవర్ సాబూ.

ఒక్క సీసా అమ్ముడుపోతే ఒట్టు. ఆ దేశంలో వాషర్ ట్యాంకులో ఎవరైనా పోసేది కుళాయి నీళ్లు, మహా అయితే చిటికెడు షాంపూ. ఒక పఠాన్ టాక్సీవాలా సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "భాయ్, ఇధర్ పానీ ఉబల్తా హై, జమ్తా కహాఁ హై?" అని పగలబడి నవ్వాడు. ఇక్కడ నీళ్లు మరుగుతాయి గాని గడ్డ ఎక్కడ కడతాయని ఆయన బాధ. నాకూ నవ్వొచ్చింది, కానీ ముదీర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. అలా పెట్టెలన్నీ స్టోర్‌లో మూలన పడ్డాయి.

డ్రైవర్ సాబ్ గురించి చెప్పాలి. అతను డ్రైవర్ కాదు. అదే అందులో వెటకారం. జగిత్యాల వైపు పల్లెటూరి మనిషి, నలభై దాటాయి. ఆరేళ్లుగా మా స్టోర్‌లో పెట్టెలు ఎత్తుతున్నాడు, దింపుతున్నాడు. ఇంటి దగ్గర మాత్రం దుబాయ్‌లో డ్రైవర్‌నని చెప్పుకున్నాడు. భార్యకు, అత్తగారికి, ఊరందరికీ అదే మాట. ఎప్పటికైనా దాన్ని నిజం చెయ్యాలని లైసెన్స్ పరీక్షకు పోవడం, ఫెయిలై రావడం. ఆరుసార్లు. ఒకసారి రౌండెబౌట్లో ఎవరికీ దారివ్వలేదు, ఇంకోసారి అందరికీ దారిచ్చి అక్కడే నిలబడిపోయాడు. పక్కన కూర్చున్న పోలీసు ప్రతిసారీ "ఖలాస్, దిగు" అనేవాడు. అతనుండే లేబర్ క్యాంపు నుంచి ముదీర్ దాకా అందరూ డ్రైవర్ సాబ్ అని పిలిచి ఏడిపించేవాళ్లు. పాసైతే షాపు వ్యాను నీదేనని ముదీర్ మాటిచ్చాడు. ఎలాగూ పాసవడని ధైర్యం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను రోడ్డు గుర్తుల పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చేవాడు. "అన్నా, ఒక్క పది బొమ్మలు అడుగరాదు." నేను అడిగేవాణ్ణి, ఆవులిస్తూ. తప్పు చెబితే ఆనందం, ఒప్పు చెబితే విసుగు. నాకు లైసెన్స్ మొదటిసారే వచ్చింది. ఆ మాట అతని ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నమే, స్టోర్‌లో ఒక సీసా కారింది. తుడుస్తూ తుడుస్తూ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని అడిగాడు.

"అన్నా, గీ నీళ్లు అంత చలికి సుత గడ్డకట్టవంటున్రు. ఎట్లనే?"

"మందు కలుపుతారయ్యా. మందు ఉంటే గడ్డకట్టదు."

మన భాషలో అదొక్కటే మాట. జ్వరమొస్తే వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సీసా మూత తీసి తాగేదీ మందే. నేనన్నది చేనుకు కొట్టే రకం మందని వేరే చెప్పనక్కర్లేదు. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

"మందా!" అన్నాడతను, కళ్లు పెద్దవి చేసి. షార్జాలో చుక్క దొరకదు, తెలుసుగా. దొరికినా తాగి దొరికితే జైలు. ఆరేళ్ల నుంచి కల్లు ముఖం చూడని మనిషి. ఆ ముఖం చూసి నాకు సరదా పుట్టింది.

"మరేమనుకున్నావు? కెనడా మందు. అక్కడ చలికి వాళ్లు సగం కారుకు పోసి సగం వాళ్లు పోసుకుంటారు."

"ఏ, పరాష్కం చేయకన్నా."

"నిజమబ్బా, వాసన చూడలా?"

చూశాడు. స్పిరిట్ వాసనే కదా మరి. నా తెలివికి నేనే మురిసిపోయి కౌంటర్‌కు పోయి, ఆ ముక్క ముదీర్‌కు కూడా చెప్పి నవ్వించాను.

ఏడోసారి అతను పాసయ్యాడు. గురువారం పొద్దున షాపులోకి పరిగెత్తుకుంటూ వచ్చి, "పాసైన అన్నా! పాసైన!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేశావా అన్నాను. అతని ముఖం అదోలా అయింది. "ఏమని చెప్పాలె? ఆరేండ్ల సంది నడుపుతున్ననని చెప్తి. ఇప్పుడు పాసైన అంటె ఏమంటది?" నేను పడీ పడీ నవ్వాను. జీవితంలో అంతకన్నా పెద్ద శుభవార్త లేదు, పెళ్లాంతో కూడా చెప్పుకునే దారి లేదు! తగిన శాస్తి జరిగిందనుకున్నాను. ముదీర్ ఏడవలేక నవ్వుతూ శనివారం నుంచి వ్యాను తాళాలు తీసుకోమన్నాడు.

శుక్రవారం సెలవు. క్యాంపులో మధ్యాహ్నం దావత్ చేసుకున్నారు. కోడికూర వండారట. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేని సంతోషాన్ని ఆ గదిలోవాళ్లతోనే పంచుకోవాలని స్టోర్ నుంచి ఒక నీలం సీసా లుంగీలో చుట్టుకుని తీసుకుపోయాడు. మిగతా ఇద్దరూ నాలుక మీద వేసుకుని థూ అని ఊసేశారు. ఇతను మాత్రం పెప్సీలో కలుపుకుని రెండు గ్లాసులు తాగాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున షాపుకొచ్చి వ్యాను తాళాలు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. కడుపులో తిప్పుతోందన్నాడు. తర్వాత, "అన్నా, కండ్ల ముంగట అంత తెల్లగున్నది. పేపర్ల మంచు వడ్డట్టు," అన్నాడు.

"అట్టయితే ఫాగ్ లైట్లు వేసుకో, డ్రైవర్ సాబ్," అన్నాను నేను. కౌంటర్ దగ్గర ఇద్దరు కస్టమర్లున్నారు, వాళ్లూ నవ్వారు. అతను నవ్వు వచ్చిన వైపు తల తిప్పాడు, కానీ కొంచెం పక్కకు తిప్పాడు. వ్యాను దగ్గరికి పోబోయి వైపర్ల స్టాండుకు గుద్దుకున్నాడు. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు.

"నిన్న ఏం తాగావు?"

"నువ్వు చెప్పిందే అన్నా. నీలి మందు."

స్టోర్‌లోకి పోయి ఒక సీసా తీసి ఒంటెను గోటితో గీకాను. పుర్రె, దాని కింద ఇంగ్లీషులో ముక్క, తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది అని. స్టిక్కర్లు అంటించేటప్పుడు అది నేను చదివాను. చదివే అంటించాను. ముదీర్‌కు చూపిస్తే ఆయనకు కెనడా ఊసు రాలేదు. ఆస్పత్రి అంటే పోలీసులొస్తారని, నిమ్మకాయ నీళ్లు తాగించి పడుకోబెట్టమని అన్నాడు. ఛీ, అదీ ఒక మనిషేనా అనుకున్నాను. అనుకుని, నిమ్మకాయ పిండాను. మధ్యాహ్నం నమాజు దాటేదాకా స్టోర్‌లో అట్టల మీద పడుకోబెట్టాం. అతను ఊపిరి ఎగబీలుస్తుంటే అప్పుడు వ్యానులో వేసుకుని నేనే నడిపాను. వ్యాను కదలగానే, "గేరు మార్చినవా అన్నా?" అని అడిగాడు, వెనక సీట్లోంచి.

ప్రాణం దక్కింది. చూపు దక్కలేదు. ముందే తీసుకొస్తే కొంతైనా మిగిలేదేమో అని డాక్టరమ్మ అంది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ట్రాఫిక్ అన్నాను. మేము ఆస్పత్రిలో ఉన్న టైములోనే ముదీర్ పెట్టెలన్నీ మాయం చేయించాడు.

రెండో రోజు ఆస్పత్రికి పోలీసు వచ్చాడు. హిందీ కొంచెం వచ్చిన అరబ్బు, చేతిలో కాగితాలు. షాపు తరఫున నన్ను పక్కన నిలబెట్టారు. ఏం తాగావు, ఏమనుకుని తాగావు అని హిందీలో అడిగాడు. డ్రైవర్ సాబ్‌కు హిందీ వచ్చు, ఆరేళ్లు క్యాంపులో ఉన్న ఎవరికి రాదు? కానీ నీరసంలో నోటికి తెలుగే వచ్చింది.

"మందు అన్నరు, తాగిన."

"మందు క్యా?" పోలీసు నా వైపు చూశాడు.

దవా అని చెప్పొచ్చు, జ్వరానికి వేసుకునే రకం. మందంటే దవాయే, అబద్ధం కూడా కాదు. దవా అనుకుని తాగాడంటే అతని మీద కేసుండదు. కానీ దవా అంటే, ఎవరిచ్చారు, ఎవరు చెప్పారు అని అడుగుతాడు. ముదీర్‌ను తిట్టుకోవడానికి వాడిన తిట్లన్నీ ఆ ఒక్క క్షణం నాకు పనికొచ్చేవే.

"శరాబ్," అన్నాను. "శరాబ్ సమఝ్ కే పియా సాబ్. కిసీ నే నహీ బోలా. ఖుద్ చోరీ కర్ కే పియా."

సారా అనుకున్నాడు, ఎవరూ చెప్పలేదు, తనే దొంగిలించి తాగాడు. పోలీసు రాసుకుంటున్నాడు. మంచం మీద డ్రైవర్ సాబ్ అంతా విన్నాడు. నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు, ఈసారి సరిగ్గా నా మీదికే. నేను గోడకు ఆనుకున్నాను. అతను హిందీలో ఒక్క మాటంటే చాలు, నా ఉద్యోగం, వీసా, అన్నీ ఖలాస్.

"మంచిగ చెప్పినవు అన్నా," అన్నాడు, తెలుగులో, మెల్లగా. "నాదెట్లైన అయిపోయింది. ఇద్దరం ఎందుకు?"

పోలీసు తలెత్తాడు. "అబ్ క్యా బోల్తా హై?" ఇప్పుడేమంటున్నాడు?

"పానీ మాంగ్తా హై సాబ్," అన్నాను.

పోలీసు మంచివాడు. నర్సును పిలిచి నీళ్లు తెప్పించాడు. డ్రైవర్ సాబ్ చెయ్యి గాల్లో వెతుక్కుంటుంటే గ్లాసు నేనే అందించాను. అతను దాహం లేకపోయినా గ్లాసెడూ తాగాడు.