పక్క క్వార్టర్‌లో పెరుగు తోడు

ఏడో తరగతి మీద ప్రేమకొద్దీ మూడేళ్లు అందులోనే కూర్చున్నవాణ్ణి. అలాంటి నేను, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ వదిన కూతురు నత్తితో మాట కూడబలుక్కుంటుంటే, "ఏటమ్మా, ప్యాసింజరు ఇంకా ఔటర్ సిగ్నల్ దగ్గరే ఉందా?" అని నవ్వాను.

వదిన దెబ్బలాడలేదు, గుర్తుపెట్టుకుంది. మర్నాటి నుంచి పెరుగు తోడుకి వెళ్తే, "పాపనడుగు" అనేది. పాప "తోడు ఉంది" అని ఒక్కో అక్షరమే పేర్చేసరికి నా షెడ్ డ్యూటీకి ఆలస్యమయ్యేది. పాపతో పాటు ఆవిడ పెదాలూ కదిలేవి, శబ్దం మాత్రం రానిచ్చేది కాదు. మధ్యలో నేనందుకుంటే, "అచ్ఛా, మళ్లీ మొదట్నుంచి చెప్పు తల్లీ" అనేది.

నెల తిరిగేసరికి లొంగిపోయాను. "తప్పయిపోయింది వదినా."

"నాకేటి చెప్తావు? దానికి చెప్పు. అది 'పర్లేదు' అనేదాకా నిలబడు."