సూసన్న వదిన కాపలా

మా సూసన్న వదినకు కోప్పడటం తప్ప వేరే పలకరింపు తెలియదు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగింది కాబట్టి బెంగాలీ, హిందీ, కొంచెం ఒడియా వచ్చు. అన్నీ తిట్టడానికే వాడుతుంది. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైతే తిడుతుంది. సరిపోతే, "మరి నిన్నేటయింది నీకు?" అని తిడుతుంది. రైలు వేళకు వచ్చినా తిట్టే మనిషిని మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ మొత్తంలో ఆవిడనొక్కదాన్నే చూశాను. "నాను టీ తాగేదాకా ఆగలేదు. దానికేటంత తొందర?"

ఆవిడ నా భార్య జెనీకి అక్క. జెనీ పోయాక ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా "దేవుడి చిత్తం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చర్చి పెద్ద ముఖం మీదే తలుపు వేశాను. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడటం మానేశాను. తిండి సహించదు, నిద్ర రాదు. వదిన మాత్రం రోజూ వచ్చి క్యారేజీ దభీమని బల్లమీద పెట్టి, నన్ను పేరు పెట్టి కసిరేది.

"అది పోయింది సరే. నువ్వేటి తీతూ, సగమే బతుకుతున్నావు?"

ఒక శనివారం ఫోను తెచ్చి, ఊరగాయ సీసాకు ఆనించి నా ముందు నిలబెట్టింది. తెరమీద మౌనిక అనే కౌన్సిలర్. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని, దిగులు పడ్డవాళ్లతో తెలుగులో మాట్లాడే అమ్మాయి.

మావాళ్లకు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లే అలవాటు లేదు. తోడు వెళ్లినవాళ్లే రోగం చెబుతారు. రోగి నాలుక చాపితే చాలు. వదిన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"నిద్ర పడుతోందా సార్?"

"పడితే నీకాడికెందుకు తెస్తాను?"

"మేడమ్, ఆయన్ని చెప్పనివ్వండి. మీకెలా అనిపిస్తోంది సార్?"

"ఏటనిపిస్తాది? పెళ్లాం పోయింది! ఇంతకీ నువ్వేటి సదివినావమ్మా?"

నేను ఒక్కణ్నే ఉండాలనీ, నేను చెప్పేది ఇంకెవరి చెవినా పడకూడదనీ మౌనిక ఓపిగ్గా చెప్పింది. వదిన ముఖం కందగడ్డయింది.

"నా సెవి ఇంకెవులి సెవో అయిపోనాదేటి?" అని, తలుపు విసురుగా వేసుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి శనివారాల్లో నేను లోపల, ఆవిడ బయట. బయటినుంచి ఒకటే కేకలు.

"ఓ దాదా! చుప్! లోపల మనిషి మాట్లాడతన్నాడు!"

"నేనేం అనలేదు కదా దీదీ!" చేపలవాడి గొంతు.

"ఆ సైకిల్ గంట కొట్టినావంటే పీకి పారేస్తాను!"

యార్డులో ఇంజను కూత పెడితే దాన్నీ వదల్లేదు. "నీకూ బుద్ధి లేదేటి?"

మౌనిక కంగారుపడింది. "అక్కడేమైనా గొడవ జరుగుతోందా సార్?"

"లేదమ్మా. మా వదిన నిశ్శబ్దం చేయిస్తోంది."

నేను ఆ అమ్మాయితో అన్న మొదటి మాట అదే. ఆ అమ్మాయి నవ్వింది. జెనీ కూడా వాళ్లక్క తిట్లకు అలాగే నవ్వేదని చెప్పాను. ఇక ఆపుకోలేకపోయాను. వారం వారం జెనీ గురించే మాట్లాడాను. ఒకరోజు భోరుమన్నాను.

అంత ఏడుపూ వదిన వినే ఉంటుంది. సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. అడిగేద్దామని బయటికి వచ్చాను. తలుపుకు వీపు పెట్టి, ఎండలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"వదినా, అంతా విన్నావా?"

పలకలేదు. భుజం తట్టాను. ఉలిక్కిపడి, రెండు చెవుల్లోంచీ దూది ఉండలు పీకింది.

"ఏటి? అప్పుడే అయిపోనాదా?"

"దూది ఎందుకు?"

"ఎవులూ ఇనకూడదని ఫోన్లో ఆ గుంట సెప్పింది కదా!"

సందులో కనబడ్డవాళ్లనల్లా ఎందుకు తిట్టిందో అప్పుడర్థమైంది. వాళ్లు చప్పుడు చేస్తున్నారో లేదో ఆవిడకు వినబడి చస్తేగా!

"వదినా, జెనీ నీకు చెల్లెలు. మరి నువ్వెవరితో మాట్లాడుతున్నావు?"

ఆవిడ తిట్టలేదు. నాకు భయమేసింది.

పై శనివారం ఆవిడ లోపల కూర్చుంది. నేను దూది పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. అక్కకు చెప్పకుండా పోయినందుకు జెనీని తిట్టిన తిట్లు దూదిని దాటి ఒక్కొక్కటీ నా చెవిలో పడ్డాయి. మధ్యలో తిట్లు ఏడుపైపోయాయి. నేను చేపలవాడివైపు చూసి చుప్ అన్నాను.

చాలాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో బయటికి వచ్చింది.

"ఏటైనా ఇన్నావేటి?"

"లేదు వదినా. దూది పెట్టుకున్నాను కదా."

"అంతలా అరిసినాను, ఇనబడలేదా?" ఎగిరిపడింది. "సెవుడేటి నీకు!"