కిటికీ దగ్గర మూడో చెయ్యి

మా బావమరిదికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి మొత్తానికీ అతను ‘కదలకండి’. కెమెరా వెనక నిలబడి రోజంతా అనే మాట అదే కాబట్టి అదే అతనికి అతుక్కుపోయింది. ఒకసారి సందు మలుపులో అతను ఆ మాట అనగానే పైన ఎగురుతున్న పావురం గాల్లోనే ఆగిపోయింది. నమ్మనివాళ్లు ఆ పావురాన్ని అడగవచ్చు.

అతను మనుషుల ఫొటోలు తీయడు, గదులవి తీస్తాడు; ఆ మాట గదిలో అటూ ఇటూ తిరిగే ఇంటివాళ్లకు. ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు, లాడ్జీలవాళ్లు పిలుస్తారు. గదిని ఫొటో తీయడంలో ఏముంది అనుకునేవాణ్ణి నేను. ఉన్నదంతా కిటికీతోనేనట. మన కంటికున్న ఓర్పు కెమెరాకు లేదు. కిటికీ బయటి ఎండకు సరిచేస్తే గది బొగ్గయిపోతుంది, గదికి సరిచేస్తే కిటికీ తెల్లకాగితమవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని అతను కెమెరాను స్టాండు మీద బిగించి, అంగుళం కదపకుండా మూడు ఫొటోలు తీస్తాడు. ఒకటి ఎండ కోసం చీకటిగా, ఒకటి మధ్యరకంగా, ఒకటి గది మూలల కోసం బాగా వెలుగుగా. ఆ మూడింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, దేనిలో ఏది బాగుంటే అది తీసుకుని ఒక్కటి చేస్తాడు. దాన్ని హెచ్‌డీఆర్ అంటారని చెప్పాడు. నాకు మాత్రం అది ముగ్గురు అన్నదమ్ముల్ని ఒకే ఇంట్లో కాపురం పెట్టించడంలా అనిపించింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఈ విద్య పట్టుబడిన కొత్తలో అతనూ అంతే. నీడ అన్నదాన్ని ఎక్కడా బతకనిచ్చేవాడు కాదు. మంచాలు మెరిసేవి, చీపుళ్లు మెరిసేవి. ఒక ఇంటి యజమాని, బట్టతలాయన, కిటికీ పక్కన నిలబడి తనూ పడతానంటే తీశాడు. కలిపి చూస్తే ఆయన తల చుట్టూ తెల్లటి వలయం. నేను చదువుకున్న కాన్వెంటులో మెట్ల పక్క పటాల్లో పునీతులకు సరిగ్గా అలాంటిదే ఉండేది. వెలుగూ చీకటీ కలిసేచోట గట్టిగా లాగితే అలా వస్తుందట. తీసేస్తానని ఇతను బతిమాలినా ఆ ఇంటాయన ఒప్పుకోలేదు. ఆ ఫొటో గోడకెక్కాక అద్దెకున్నవాళ్లతో కాస్త మెత్తగా మాట్లాడుతున్నాడని వినికిడి.

ఇక మా బావమరిది భార్య. నాకు చెల్లెలి వరస. పుస్తకాలు బైండింగు చేస్తుంది. మేడ మీద వెనకగది ఆమెది. బల్ల, పుస్తకాలను నొక్కిపట్టే ఇనుప మర, అట్టముక్కలు, ఒక గిన్నెలో మైదా బంక, జడలో గుచ్చుకున్న పెన్సిలు. బల్ల ముందు కిటికీ. ఆ కిటికీలోంచి, రెండు ఇళ్ల మధ్య ఇరుక్కుని, జానెడు నది కనిపించేది. అందులో లాంచీలు అటూ ఇటూ తిరిగేవి. పుస్తకం వెన్నుకు బంక పూసినప్పుడు ఒక లాంచీ కూసిందంటే, అది అవతలి ఒడ్డుకు చేరి మళ్లీ కూసేసరికి ఆ బంక పట్టు బిగిసేది. గదిలో గడియారం లేదు. ఆ జానెడు నదే గడియారం.

ఊళ్లో గదులన్నీ తీసినవాడు ఆ గదిని మాత్రం తీయలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఆమె అడిగినప్పుడల్లా తీద్దాంలే అనేవాడు. అంతలో ఆ రెండు ఇళ్ల మధ్య ఖాళీలో ఇటుకలు దిగాయి. గోడ మేడ గచ్చు ఎత్తుకు లేచిన రోజు ఆమె బంకచేతులతోనే కిందికి దిగి వచ్చింది.

“ఏవండీ, ఆ గోడ పూర్తయ్యేలోపు నా కిటికీని ఒక్కసారి తీయండి. నదీ కనబడాలి, నేనూ కనబడాలి. రెండిట్లో ఏది పోయినా నాకొద్దు.”

ఇరవయ్యేళ్ల కాపురంలో ఆమె అతన్ని తన కోసం అడిగింది ఇదొక్కటే. నది ఎండలో ఉంది, ఆమె నీడలో ఉంది, అది అతను సరిచేసుకోగలడు. కానీ మూడు ఫొటోలు పూర్తయ్యేదాకా మనిషి కదలకూడదు. ఆమె నిద్రలో కూడా కదలకుండా ఉండే మనిషి కాదు.

వెలుగు చూసుకోవడానికి, ఫొటోకు ముందు రోజు పక్కవీధి దర్జీ దగ్గర బట్టలు తొడిగే బొమ్మను తెచ్చి ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను మేడెక్కి, వెనకనుంచి చూసి, “ఏమ్మా, బాగున్నావా?” అని పలకరించాను. జవాబు లేకపోతే అలిగిందనుకుని కాసేపు బతిమాలాను కూడా. ఇది బయటికి పొక్కడానికి కారణం నా వెనకే మెట్లెక్కి వచ్చిన మా ఆవిడ.

మర్నాడు అసలు మనిషి కూర్చుంది. స్టాండు బిగించాడు.

“కదలకు.”

“బంక ఆరిపోతుందండీ.”

“ఒక్క క్షణమే.”

“మీ క్షణాల సంగతి నాకు తెలియనిదా?”

మాటామాటా మధ్యనే మూడుసార్లు క్లిక్కుమంది. మూడోసారికి నది మీద లాంచీ కూసింది, ఆమె తల అటు తిరిగిపోయింది. అతను నిట్టూర్చి, రేపు తీరిగ్గా మళ్లీ తీస్తానన్నాడు. మర్నాడు పొద్దున కిటికీ తెరిస్తే ఎదురుగా నీలం టార్పాలిను. ధూళి పడకుండా మేస్త్రీలు తాము నిలబడే వెదురు సారువల మీంచి కిందిదాకా దించారు. కాసేపు ఎత్తమని అడగడానికి వెళ్లాడు. దాని వెనక, రాత్రి దీపాలు పెట్టుకుని కట్టిన గోడ అప్పటికే కిటికీ ఎత్తు దాటింది. ఆమె అరవలేదు. నిన్న తీసినవి ఉన్నాయిగా, వాటితో చూడండి అని మర బిగించుకుంది. అరిచి ఉంటే బాగుండేదని అతను నాతో అన్నాడు.

మూడింటినీ కలిపితే కంప్యూటరు చూపించిన దృశ్యం నేనూ చూశాను. చెల్లెమ్మకు రెండు ముఖాలు, బోలెడు చేతులు, నదిలో ఒకే లాంచీ రెండుసార్లు. ఇలా కదిలిన గుర్తుల్ని వాళ్ల భాషలో దెయ్యాలంటారట. కదిలినచోట ఏ ఫొటో మాట నమ్మాలో మనమే చెప్పాలి. మొదటిదాంట్లో నది అద్దంలా ఉంది గానీ ఆమె ఉత్త నల్లటి నీడ. ఆ నీడను వెలిగిస్తే ముఖం మీద ఇసుక చల్లినట్టయింది. రెండోదాంట్లో ముఖం కాస్త కనబడుతోంది. మూడోదాంట్లో వెలుగు చక్కగా పడింది గానీ, ఆమె నదివైపు తిరిగి ఉంది. చెంప, చెవి, పెన్సిలు.

“ముఖం కనబడదు బావా. నేనూ కనబడాలి అంది కదా.”

“రెండోది పెట్టు మరి.”

“అందులో నన్ను తిడుతోంది.”

“అయితే పోలిక బాగా కుదిరినట్టే.”

అతను మూడింటినీ మార్చి మార్చి చూసి చివరికి మూడోదాన్నే పట్టుకున్నాడు. నది మొదటిదాన్నుంచి, ఆమె మూడోదాన్నుంచి, మిగతా గది మూడింటి కలయిక నుంచి. చిక్కంతా జుట్టు దగ్గర. మూడోదాంట్లో కిటికీ తెల్లబారి ఆమె వెంట్రుకల అంచును తినేసింది. మౌసు పట్టుకుని, ముంగురుల వెంట పోగు పోగుగా, నదిని లోపలికి తెచ్చుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడ కాస్త తెలుపు మిగిలినా చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. పోనీలేవోయ్, వలయముంటే ముచ్చటగానే ఉంటుంది అన్నాను.

“నా పెళ్లాం పునీతురాలు కాదు బావా, బైండరు.”

గది మూలల్లో నీడను ఈసారి ముట్టుకోలేదు. అక్కడ ఎప్పుడూ నీడే ఉంటుందన్నాడు.

ఫొటో అచ్చయి వచ్చింది. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది. అతను ముఖం గురించి సంజాయిషీ మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. ఫొటోను వెలుగులోకి తిప్పింది, దగ్గరికి తెచ్చుకుంది.

“ఈ చెయ్యి ఎవరిది?”

ముగ్గురం వంగాం. మర కింద నీడలో, బ్రష్షు పట్టుకుని, పల్చగా, ఇంకో చెయ్యి. జుట్టు మీదే కళ్లు పెట్టినవాడు దాన్ని చూసుకోలేదు. ఐదు నిమిషాల్లో చెరిపేస్తానని ఫొటో లాక్కోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

“ఉండనివ్వండి. నాకు రెండు చేతులు ఎప్పుడు చాలాయి గనక?”

“మరి ముఖం?”

“అద్దంలో ఉంది కదా, ఎక్కడికి పోతుంది? లాంచీ చూడండి, ఇంకా నది మధ్యలోనే ఉంది. బంక ఆరదిక.”

అని గదిలోకి తీసుకుపోయి, కిటికీ పక్కనే మేకు కొట్టి తగిలించింది. ఇప్పుడు ఆ కిటికీ తెరిస్తే ఇటుకలే. కూత మాత్రం గోడ దాటి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆమె తలెత్తి ఫొటోవైపు చూసి, పుస్తకం వెన్ను వేలితో నొక్కి చూసుకుంటుంది. పుస్తకాలు తెచ్చినవాళ్లు ఆ మూడో చెయ్యి గురించి అడిగితే నేనే జవాబు చెబుతాను. ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఆ చెయ్యి కిందికి దిగి నాలుగు అట్టలు అంటించి పెడుతుందని. ‘కదలకండి’ తల దించుకుంటాడు. ఆమె మాత్రం, నాలుగు కాదు అన్నయ్యగారూ, మూడే, అంటుంది.