గొంగడి కింద వెలుగు

మా గైడు సారు పోయారని పొద్దున్నే కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆయన దగ్గర పరిశోధన చేసింది నేనొక్కణ్ణే. ఫోన్ చేసి ఏడుద్దామన్నా నాకు ఇంకొకరు లేరు. పత్తికొండలో బస్సెక్కి, దారి పొడుగునా కిటికీకి తల ఆనించుకుని కడపకు చేరాను.

సారు పని సెమీకండక్టర్ నానో స్ఫటికాల మీద. అవి కంటికి ఆనేవి కావు. సైజు కాస్త మారితే చాలు, వెలిగే రంగే మారిపోతుంది. ఆ వెలుగు చూడాలంటే చీకటి కావాలి. మా ల్యాబ్ కిటికీలకేమో తలుపుల్లేవు. చేయిస్తాం, చేయిస్తాం అంటూ కాలేజీవాళ్ళు కాలం వెళ్ళబుచ్చారు. సారు చూసి చూసి, గొర్రెల కాపరి దగ్గర నల్ల గొంగడి ఒకటి కొనుక్కొచ్చారు. మే నెల ఎండల్లో ఇద్దరం దాన్ని తలమీదుగా కప్పుకుని, సీసా మీద అతినీలలోహిత టార్చి వేసి చూసేవాళ్ళం. చెమటకు తోడు గొర్రె వాసన. వరండాలో పోయేవాళ్ళు, "సారుకు మళ్ళీ చలిజరం వచ్చినట్టుండాది" అని నవ్వుకునేవాళ్ళు. సారు గొంగడి లోపల్నించే, "జరం కాదప్పా, పచ్చగా వెలుగుతాండాది" అని జవాబిచ్చేవారు.

ఎక్సిటాన్ అంటే ఏమిటో నాకు అర్థమైంది కూడా ఆ ఉక్కపోతలోనే. "కాంతి తగిల్తే ఎలక్ట్రాన్ లేసి పోతాది. అది పోయిన తావున ఖాళీ మిగుల్తాది. అయినా ఆ రెండిటికీ లాగుడు మాత్రం తెగదు. ఆ జతే ఎక్సిటాన్. మళ్ళీ కలిస్తే వెలుగు" అన్నారు. ఒకే స్ఫటికంలో రెండు జతలు చేరితేనే చిక్కు. ఆ ఇరుకులో ఒక జత తన శక్తిని పక్కదానికి ఇచ్చేసి, తాను వెలగకుండానే ముగిసిపోతుంది. రెండూ వెలిగేలా స్ఫటికం మీద సరైన పైపొర కట్టాలన్నది సారు పట్టుదల. పొర చెడిన ప్రతిసారీ సీసా కడుగుతూ, "తొందరపడితే పొర కాదప్పా, పెచ్చు కడ్తాది" అనేవారు. చివరికి చాలావరకు సాధించారు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఊరంతటికీ ఆయనకు నేనే దిక్కు.

భూస్థాపన అయ్యాక ఇంటిముందు ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు సారు ప్రార్థన గురించి మాట్లాడారు. సారు తమ్ముడు చిన్ననాటి సేద్యం గురించి చెప్పాడు. ఆయన పని మాట ఒక్కరూ ఎత్తలేదు. ఇంతలో సారు భార్య నన్ను దగ్గరికి పిలిచారు.

"ఇన్నేండ్లూ ఆయన యేం చేస్తాండెనో నాకు తెల్దప్పా. అడిగితే నవ్వి ఊరుకుంటాండె. నువ్వన్నా చెప్పు."

లేచి నిలబడి, సారు చెప్పిన మాటల్లోనే ఆ జత సంగతి చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దాయన కునికిపాట్లు పడుతున్నాడు. ఆమె మాత్రం కన్నార్పకుండా విన్నారు. అందరూ వెళ్ళిపోయాక నెమ్మదిగా అడిగారు.

"లేసిపోయింది తిరిగి రాకుంటే, ఆ ఖాళీ యేమైతాది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "స్ఫటికం చీకటైపోతాదమ్మా. అది తిరిగొచ్చేదాకా వెలగదు."

"సరేలే" అన్నారామె.

షామియానావాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోకెక్కిస్తున్నారు. వాళ్ళు తన దగ్గరికి వచ్చేసరికి ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేశారు.

"ఈ రెండూ రేపు తీస్కపోండప్పా."